బీచ్ ఇసుక కుకీలు

గోపాలపట్నం, శుక్రవారం

అమ్మా,
ఫోన్లో నీకు సరిగ్గా వినబడదని కార్డు రాస్తున్నాను. అందరం బాగున్నాం.

పోయినేడు చర్చి కోత పండుగ వేలంలో నా కేకును ఎవరూ పాడుకోలేదు కదా! ఈసారి చాక్లెట్ చిప్ కుకీలు ఇస్తానన్నాను. ఓవెన్ లేక, కుక్కర్ అడుగున బీచ్ ఇసుక పోసి కాల్చాను. ఇల్లంతా హార్బర్ వాసన! అత్తయ్య ఒకటి కొరికి, "ఏటే ఫ్లోరా, సేపల బిస్కట్లు సేసినావేటి?" అన్నారు. మీ అల్లుడేమో ద్వారకా నగర్‌లో ఏదో బేకరీలో కొనేద్దామన్నారు. కొనను. నా చేత్తో చేసినవే ఇస్తాను.

తమ్ముడితో మన శారదా నది ఇసుక ఓ సంచీడు, అనకాపల్లి బెల్లం పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? మందు మాననివ్వకు. ఇద్దరికీ వందనాలు, నా కోసం ప్రార్థించండి.

నీ ఫ్లోరా

ఇందాక ఆ కుకీలు పారేద్దామని డబ్బా తీస్తే ఖాళీ. అత్తయ్య మూతి తుడుచుకుంటూ, "ఏలంలో మొదటి పాట నాదేనే" అన్నారు.