నన్ను చరిత్రలో పాస్ చేయవద్దని మనవి

గౌరవనీయులైన దూరవిద్య ఇంటర్ ప్రవేశాల అధికారి గారి సముఖమునకు,

శంషాబాద్ మండలం పాల్మాకుల గ్రామ నివాసి, విమానాశ్రయం సరుకుల షెడ్డులో కాంట్రాక్టు లోడర్ బ్లెసన్, తండ్రి జయశీలన్, వయస్సు 24 సంవత్సరాలు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నేను అడగని గ్రూపులో నన్ను చేర్చుట గురించి, గ్రూపు మార్చుట, లేనిచో నా ప్రవేశమే రద్దు చేయుట గురించి.

1. నేను పదో తరగతితో చదువు ఆపి, ఐదేళ్లుగా విమానాలకు సరుకు ఎక్కిస్తున్నాను. పోయిన మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు, నా పక్కనే పెట్టెలు అందిస్తున్న శివన్న కాంక్రీటు మీద కుప్పకూలాడు. వడదెబ్బ. నాలుగు రోజులు దవాఖానలో ఉండి బతికి వచ్చాడు. మా కాంట్రాక్టరు ప్రమాద నివేదికలో "వాతావరణం: సాధారణం" అని రాశాడు. సాధారణం అంటే ఎంత, ఎన్నేళ్లతో పోల్చి సాధారణం అని సూపర్‌వైజర్‌ను అడిగాను. "ఏందిరా, నువ్వేమన్న సైంటిస్టువా?" అన్నాడు. కాను. అందుకే చదవాలనుకున్నాను.

2. ఫోనులో దొరికింది దొరికినట్టు చదివాను. ఒక్కరోజు ఎండ వాతావరణమని, ముప్పై ఏళ్లు కొలిచి తీసిన లెక్కను శీతోష్ణస్థితి అంటారని తెలిసింది. ఆ లెక్క తీసేవాళ్లు ఏం చదువుకుంటారో మా ఊళ్లో చెప్పేవాళ్లు లేరు. వీక్లీ ఆఫ్ నాడు రాజేంద్రనగర్ పోయి, వ్యవసాయ కళాశాలలో వాతావరణం పాఠం చెప్పే మాధవీలత మేడంను గేటు దగ్గర ఆపి అడిగాను. ఆమె ఎండలోనే నిలబడి చెప్పారు: ఇంటర్లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. అవే సబ్జెక్టులతో డిగ్రీ. ప్రవేశ పరీక్ష రాసి వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ. ఆ పైన పీహెచ్‌డీ. "పన్నెండేళ్లు పట్టొచ్చు బాబూ, ఆలోచించుకో. ఇంటర్లో గ్రూపు తప్పితే మాత్రం మిగతాది ఏదీ లేదు" అన్నారు. మా షెడ్డులో పన్నెండేళ్లుగా బరువులు మోస్తున్నవాళ్లు ఉన్నారు. అంత కాలం ఎట్లా మోస్తావని వాళ్లను ఎవరూ అడగలేదు.

3. ఆగస్టులో కొత్తూరు స్టడీ సెంటర్‌కు పోయి, ఎండల లెక్క నేర్చుకోవడానికి సైన్స్ గ్రూపు కావాలని నోటితో చెప్పి, ఖాళీ దరఖాస్తు మీద సంతకం పెట్టి వచ్చాను. ఇక్కడ నా తప్పు ఉన్నది, దాచను. మా పనిలో ప్రతి పొద్దున భద్రతా సూచనలు విన్నట్టు ఒక కాగితం మీద సంతకం పెడతాం. సూచనలు ఎవరూ చెప్పరు. ముందు అందరం ఖాళీ కాగితం మీద సంతకాలు పెడతాం, తర్వాత సూపర్‌వైజర్ తన ఇష్టం వచ్చింది నింపుకుంటాడు. ఐదేళ్లుగా ఖాళీ కాగితాల మీదనే సంతకం చేసి చేసి, నింపిన కాగితం చదివి సంతకం పెట్టాలన్న సంగతే చేతికి గుర్తు లేదు.

4. సెంటరు వారు పుస్తకాలు ఇయ్యలేదు. పాతవి సంపాదించి ఏడు నెలలు చదివాను. త్రికోణమితి మూడుసార్లు వదిలేసి నాలుగోసారి పట్టుకున్నాను. మార్చి నెలాఖరులో హాల్‌టికెట్ వచ్చింది. అందులో చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం ఉన్నాయి.

5. ఆ సెంటరు కోఆర్డినేటర్ గారిని అడగగా జరిగిన సంభాషణ జరిగినట్టే వ్రాస్తున్నాను.

"పనిజేసుకునేటోళ్లకు అందరికి నేను గదే పెడ్త తమ్మీ. అందరు పాసైతరు. సైన్స్ అంటే ల్యాబు, ప్రాక్టికల్స్, మస్తు పరేషాన్. నీకు సర్టిఫికెట్ గావాల్నా, పరేషాన్ గావాల్నా?"

"పరేషానే గావాలె సార్."

"సంతకం ఎవరిది?"

"నాదే."

"మరింకేంది? సామాన్లు మోసేటోనికి ఎండల లెక్కలెందుకు చెప్పు."

"ఎండల మోస్తున్నం గాబట్టే సార్."

ఆయన నవ్వి, టీ తాగిపొమ్మన్నారు. తాగలేదు.

6. తమ కార్యాలయంలో విచారించగా, సబ్జెక్టులు మార్చుకునే గడువు ఫిబ్రవరితోనే ముగిసిందని తెలిపినారు. తప్పు కనిపించే కాగితం మార్చిలో పంపి, దిద్దుకునే గడువు ఫిబ్రవరిలో మూయడం ఏ నిబంధన ప్రకారమో తెలుపగలరు. తమరు తెలుపకపోయినా, ఈ నిబంధన రాసినవారు ఎన్నడూ షిఫ్టు డ్యూటీ చేసి చదువుకోలేదని నాకు తెలుసు.

7. పరీక్షలు ఈ నెల ఇరవైన మొదలు. మొదటి పేపరు చరిత్ర. కోఆర్డినేటర్ గారు ఫోను చేసి, "ఊకే పోయి కూసో, నాలుగు ముక్కలు రాయి, పాసైతవ్. మీ కాడ సూపర్‌వైజర్ పోస్టుకు ఇంటర్ చాలంట గదా" అన్నారు. నిజమే, చాలు. సూపర్‌వైజర్ అయితే నీడలో కుర్చీ. రెండు రోజులు ఆ కుర్చీ గురించే ఆలోచించాను సార్. అబద్ధం చెప్పను, ఆశ పుట్టింది. కానీ ఒకసారి ఇంటర్ పాసైతే మళ్లీ ఇంటర్‌లోనే చేర్చుకోరని తమ కార్యాలయం వారే చెప్పినారు. అంటే నేను పాసైన రోజే నా చదువు అయిపోతుంది. ఆ కుర్చీలో కూర్చుంటే, ఇంకో శివన్న పడ్డ రోజున "వాతావరణం: సాధారణం" అని నింపాల్సింది నేనే. నాతోటి కాదు.

కావున తమరు దయవుంచి, నా గ్రూపును గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రముగా మార్చి, అక్టోబరు పరీక్షలకు అనుమతించ ప్రార్థన. ప్రాక్టికల్స్ ఏ ఊళ్లో వేసినా, ఏ రోజు వేసినా వస్తాను. అది కుదరని పక్షమున నా ప్రవేశమును పూర్తిగా రద్దు చేసి, ముద్రతో కూడిన కాగితం ఇప్పించవలెను. ఒక ఏడాది పోతుంది, పోనీ, మొదటి నుంచి చేరతాను. ఇరవైన నేను పరీక్ష హాలుకు పోవడం లేదు. నా పేరు మీద ఎవరు ఏమి రాసినా, ఎన్ని మార్కులు వేసినా అది నేను కాదు. దయచేసి నన్ను పాస్ చేయకండి.

పై సంగతులన్నీ తమరు చిత్తగించవలెను. చిత్తగించి ఊరుకోవద్దు.

తమ విధేయుడు (ఈ కాగితం మొత్తం రెండుసార్లు చదివి సంతకం చేసినవాడు),
బ్లెసన్

తా.క. మా అక్క షెకీనా ఇది చదివి, "గిట్ల రాస్తే ఏ ఆఫీసరు పనిజేస్తడురా, జర మెత్తగ రాయి" అన్నది. మెత్తగ రాసిన అర్జీ జనవరిలోనే ఒకటి ఇచ్చిన సార్, పుస్తకాల గురించి. అది ఏ బీరువల ఉన్నదో మీకే ఎరుక. గందుకే ఇగ ఇది పోస్టుల ఎయ్యను. సోమవారం లీవు పెట్టిన. మీరు ఆఫీసుకు రాకముందే మీ గది ముంగట బల్ల మీద కూసుంట. రసాయనశాస్త్రంల ఆరో పాఠం నాకు సమజైతలేదు, గది తెచ్చుకుంట. మీరు ఎంతసేపు కూసోబెట్టినా ఫికర్ లేదు, పాఠం పెద్దగున్నది.