పన్నెండు పౌన్ల సాల్మన్

గ్లాస్గో,
సెప్టెంబరు 21.

లాక్లన్ అన్నయ్యకు, నీ చెల్లెలు ఎల్స్‌పెత్ ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. వాన వచ్చే ముందు మోకాలు నొప్పెట్టి చెబుతుంది. ఈ ఊళ్ళో వాన ఎప్పుడూ వచ్చేదే కనుక దానికి ఊరుకునే రోజే లేదు. నీ కుడిచేతి వేళ్ళు కదులుతున్నాయని, చొక్కా గుండీ నువ్వే పెట్టుకున్నావని రోనా వదిన రాసిన ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. కెల్విన్ నది ఈ ఏడు బాగుంది. వేసవిలో చిక్కిపోయింది గానీ, పోయిన వారం వానలకు టీ రంగు తిరిగి నిండుగా పారుతోంది. పార్టిక్ ఆనకట్ట పక్కన చేపలు ఎక్కడానికి కట్టిన మెట్లు చెక్కుచెదరలేదు. సాయంత్రం బస్సు దిగినవాళ్ళు సంచులు కింద పెట్టి, సాల్మన్లు ఎగరడం వంతెన మీంచి చూస్తున్నారు. మన చిన్నప్పుడు ఒడ్డున ఉన్న మిల్లు ఏ రంగు వదిలితే నది ఆ రంగులో పారేది. ఇందులో చేప ఉందంటే నాన్న పగలబడి నవ్వేవాడు. ఇక నీ స్నేహితుడు ఫర్కర్ సంగతి. ఓడల కార్ఖానాలో సగం పోయిన చెవులు ఇప్పుడు పూర్తిగా పోయాయి. అందుకని అందరితోనూ అరిచే మాట్లాడుతున్నాడు, చేపలతో కూడా.

ఇక ఫోటో. నిరుడు నేను పట్టానని రాసిన పన్నెండు పౌన్ల సాల్మన్ గురించి మీ వీధంతా చెప్పావట. వాళ్ళు నమ్మడం లేదట. ఫోటో పంపమన్నావు. దీనికి జవాబు మొదటే రాయవలసింది, చెయ్యి రాలేదు.

అన్నయ్యా, ఆ చేప లేదు. ఈ రెండేళ్ళలో నీకు రాసిన చేపల్లో ఒక్కటీ లేదు.

రెండేళ్ళ కిందట మార్చిలో ఆనకట్ట దిగువన నాచు పట్టిన రాయి మీద కాలు జారి పడ్డాను. నడుము దాకా వచ్చే రబ్బరు బూట్లు నీళ్ళతో నిండిపోయాయి. కొట్టుకుపోతున్న నన్ను ఫర్కర్ కోటు కాలరు పట్టి ఒడ్డుకు లాగాడు. ఆ తరవాత నేను నదిలో అడుగు పెట్టలేదు. ఆ సంగతి నీకు రాసేలోపే నీకు పక్షవాతం వచ్చిందని కబురు వచ్చింది. మంచం మీంచి నువ్వు నన్ను అడగమన్న మొదటి మాట, చేపలు పడుతున్నాయా అని. లేదని ఎలా రాయను? ఒక ట్రౌట్ చేప పడిందని రాశాను. అది విని ఆ పూట నువ్వు గిన్నెడు సూప్ తాగావని వదిన జవాబు రాసింది. అక్కణ్ణుంచి ఉత్తరం ఉత్తరానికీ చేపలు పెద్దవయ్యాయి.

నీ ఉత్తరం అందాక, నిజంగానే ఒక సాల్మన్ పట్టి ఫోటో తీయించుకుందామని మొన్న పొద్దున్నే వెళ్ళాను. గట్టు దాకా వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. ఫర్కర్ నన్ను చూసి నీళ్ళలోంచి పైకి వచ్చాడు. అతనికి జరిగిందంతా చెప్పాను. అరిచి చెప్పవలసి వచ్చింది కనుక వంతెన మీదివాళ్ళూ విన్నారు. అతను పర్సులోంచి ఒక ఫోటో తీశాడు.

"ఇది పోయినేడు నేను పట్టింది. నా తల కత్తిరించి పంపెయ్. ఎలాగూ చేప మొహమే బాగుంది."

నవ్వు వచ్చింది. కానీ వద్దన్నాను. ఇంకొక అబద్ధం తెచ్చి మా అన్నయ్య గోడకు తగిలించలేనన్నాను.

"అయితే రా పిల్లా, నా బెల్టు పట్టుకో. పడితే ఇద్దరం పడదాం, ఈసారి తోడన్నా ఉంటుంది."

పట్టుకున్నాను. నీళ్ళు మోకాళ్ళు దాటేసరికి బెల్టు ఇంకా బిగించి పట్టుకుని ఆగిపోయాను. ఫర్కర్ వెనక్కి తిరిగి చూడలేదు, తొందరపెట్టలేదు. నా ఊపిరి కుదుటపడేదాకా అలాగే నిలబడ్డాడు. అప్పుడు బెల్టు వదిలి గాలం విసిరాను. గాలానికి ఎరగా ఈకలతో కట్టిన ఈగ నీటి మీద మెల్లగా వాలింది. మెట్ల దగ్గర నా చెయ్యంత సాల్మన్ ఒకటి ఎగిరి పడింది గానీ, నా ఈగ వంక చూడనైనా లేదు. గంట గడిచాక ఒక ట్రౌట్ అందుకుంది. తొమ్మిది అంగుళాలు ఉంటుందేమో. ఒంటి మీద ఎర్ర చుక్కలు. తడి చేత్తో పట్టుకుని, గాలం ఊడదీసి, వదిలేశాను. ఫోటో సంగతి ఇద్దరికీ గుర్తే రాలేదు.

ఆ లేని చేపల కబుర్లు నీ కోసమని మొదలుపెట్టాను గానీ, పోనుపోను నా కోసమే రాసుకున్నాను. ఆ ఉత్తరాల్లో నేనింకా నీళ్ళలో నిలబడే ఉండేదాన్ని. నీకు కోపం వస్తే న్యాయమే. మీ వీధివాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గుపడవలసింది నేను, నువ్వు కాదు.

శనివారం మళ్ళీ వెళతాను. ఏమీ పడకపోతే, ఏమీ పడలేదనే రాస్తాను.

ఇట్లు,
నీ చెల్లెలు
ఎల్స్‌పెత్