మామిడి చిగురు, నీలం వెలుగు

4 ఆగస్టు 2025, సోమవారం

పెరట్లో మామిడి చెట్టుకు చిగురు లేదు. చేతికందే కొమ్మలన్నీ బోడిగా ఉన్నాయి. గేటు వేసే ఉంది, మేకలు వచ్చిన జాడ లేదు. గ్యాస్ కూడా ఈసారి ముందే అయిపోయింది. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేను, నా మనవరాలు పల్లవి. నేను కోయలేదు.

అడగను. చూస్తాను.

6 ఆగస్టు, బుధవారం, ఉదయం ఆరు

దొరికింది. నా పాల గిన్నెలో మామిడి చిగురు ఉడకబెడుతోంది. పిహెచ్‌డి పని అంది. తిరుపతిలో ల్యాబ్ ఉండగా నా పొయ్యి ఎందుకు? చిత్తూరు నుంచి బస్సులో తీసుకుపోయేసరికి చిగురు వాడిపోతుందట. ఇక్కడే కషాయం తీసి ఫ్లాస్కులో పోసుకుపోతే, అక్కడ ఓవెన్‌లో పెట్టి క్వాంటమ్ డాట్స్ చేస్తారట. కంటికి ఆనని కార్బన్ రేణువులు. యువి టార్చ్ వేస్తే నీలంగా వెలుగుతాయి. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే ఆ వెలుగు తగ్గుతుంది, కాబట్టి నీళ్ళను పరీక్షించవచ్చు.

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్స్ చెప్పినదాన్ని. ఇదంతా అర్థమైంది. కానీ చెప్పేటప్పుడు ఆ పిల్ల నా ముఖం చూడలేదు.

నా వంటింట్లో కాచింది ఏదైనా నా గుడ్డలో వడగట్టాకే బయటికి పోవాలని మళ్ళీ చెప్పాను. స్టీలు వడపోతలో నలుసు ఆగదు. మొదటి రోజు నుంచీ అందులోనే వడగడుతున్నానని గుడ్డ చూపించింది. నా పాత తెల్ల చీర చించి, ఉతికి, మడతపెట్టి ఉంచిందే. ఆ ఒక్క విషయంలో పెంపకం బాగుంది.

9 ఆగస్టు, శనివారం

పట్టపగలు తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టింది. తలుపు సందులో ఊదారంగు వెలుతురు. తోసుకుని వెళ్ళాను.

చేతిలో టార్చ్, ల్యాబ్ నుంచి తెచ్చిన సీసా. సీసా నిజంగానే నీలంగా వెలుగుతోంది. టార్చ్ పట్టుకునే పల్లవి నా వైపు తిరిగింది. నా తెల్ల చీర కూడా వెలిగింది. సీసా కంటే ఎక్కువగా.

"నువ్వూ క్వాంటమ్ డాటే అవ్వా," అని నవ్వింది.

నేను నవ్వలేదు.

గైడ్ యోగానంద గారు ఈ నెలలోనే పేపర్ పంపాలంటున్నారట. అది పంపితేనే ఫెలోషిప్ పొడిగిస్తారు. లేకపోతే థీసిస్ వదిలేసి ఏదో ప్రైవేట్ కాలేజీలో పాఠాలు చెప్పుకోవాలి.

10 ఆగస్టు, ఆదివారం

పల్లవి బజారుకు పోయాక టార్చ్ తీశాను. అడగకుండా ఆమె వస్తువు ముట్టుకోవడం ఇదే మొదలు.

రంగు చీరలు వెలగలేదు. నగరి నుంచి తెచ్చిన కోరా చీర, ఇంకా సబ్బు తగలనిది, అదీ వెలగలేదు. ఉతికిన తెల్లవన్నీ వెలిగాయి. తెలుపు రావడానికి సబ్బు పొడిలో ఏదో కలుపుతారు. దాని పనే ఇది.

వడగట్టే గుడ్డలోంచి గ్లాసులోకి వేడినీళ్ళు పోశాను. ఆకు లేదు, కషాయం లేదు. ఉత్త నీళ్ళు.

గ్లాసు నీలంగా వెలిగింది.

11 ఆగస్టు

చెప్పలేదు. పాట పాడుకుంటూ చిగురు కోస్తోంది.

12 ఆగస్టు, మంగళవారం

చెప్పాను. గ్లాసు కూడా చూపించాను.

"ల్యాబ్‌లో ఉత్త నీళ్ళతో పోల్చి సూసినాం కదవ్వా. అవి వెలగలేదే."

"ఆ నీళ్ళు నా గుడ్డలో పోసినారా?"

కూర్చుండిపోయింది. అన్నం ముట్టలేదు. నేనూ తినలేదు.

14 ఆగస్టు, గురువారం

తిరుపతి నుంచి వచ్చింది. గుడ్డ సంగతి పేపర్లో రాయనక్కరలేదని, వడగట్టాం అంటే చాలని యోగానంద గారు అన్నారట. ఆయనకు ముందే తెలుసేమో. గదిలోకి వెళ్ళి లాప్‌టాప్ తెరిచింది. పంపుతోందేమో. చెవి తలుపు దగ్గరే పెట్టుకుని పప్పు మాడ్చాను.

16 ఆగస్టు, శనివారం

బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"పేపర్ పంపనని సార్‌కు చెప్పేసినా. నీ అనుమానం నా ఫెలోషిప్‌ను మింగేసినాదవ్వా."

రెండో కొస పట్టుకుని దుప్పటి పిండాను.

సాయంత్రం ఫిల్టర్ పేపర్ ప్యాకెట్ తెచ్చి నా గుడ్డ పక్కన పెట్టింది. నా గుడ్డ నేనే తీసేశాను.

24 ఆగస్టు, ఆదివారం

ఫిల్టర్ పేపర్లో వడగట్టిన కషాయంతో చేసిన కొత్త సీసా తెచ్చింది. నన్ను కోరా చీర కట్టుకుని రమ్మంది. కిటికీ మూసి టార్చ్ వేసింది.

నాకు లేత నీలం కనిపించింది. కనిపించాలని ఉంది కాబట్టి కనిపించిందేమో. ఆమెను అడిగాను. చాలాసేపు చూసింది.

"లేదవ్వా," అంది.

నమ్మాను.