తమ్ముడి పుట్టుమచ్చ

ఆరో నెల, పన్నెండు

నటుల అచ్చుబొమ్మల్లో మొహాలన్నీ ఒకటే. గీసేవాడికి ఓపిక లేదు, కొనేవాడికి పట్టింపు లేదు. అంగీ చేతిమీది ముద్ర చూసి ఫలానావాడని పోల్చుకుంటారు. ఈసారి నా ఉలి కిందికి వచ్చింది నా తమ్ముడు మినోసుకే బొమ్మ. ఆడవేషం. ఎడో నగరమంతా వాడి పేరే. ఊరుకోబుద్ధి కాలేదు. వాడికి ఎడమ కంటి కింద పుట్టుమచ్చ ఉంది. అచ్చు తీసే చెక్కపలక మీద అక్కడ ఆవగింజంత చెక్క తీయకుండా వదిలేశాను.

ఆరో నెల, పదిహేను

అచ్చు వచ్చింది. మచ్చ కుడి కంటి కింద పడింది! పలక మీద బొమ్మ తిరగబడి ఉంటుందని ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి మరిచిపోయాను. సిగ్గుతో చచ్చాను.

మినోసుకే పడీ పడీ నవ్వాడు. "పోనీలే అన్నా, అద్దంలో నాకు నేను ఇలాగే కనిపిస్తా" అన్నాడు. ఒక బొమ్మ అమ్మకి ఇచ్చాడు. ఆవిడ దాన్ని గోడకి అంటించుకుంది.

ఎనిమిదో నెల, ఇరవై

తమ్ముడికి తట్టు పోసింది. నీళ్ళు కూడా దిగడం లేదు.

ఎనిమిదో నెల, ఇరవై ఆరు

పోయాడు.

పదో నెల, నాలుగు

బొమ్మలు వేయించే మసుగోరో వచ్చాడు. తమ్ముడి వేషాలు తొమియా అనే కుర్రాడికి ఇచ్చారట. పలక పారేయక్కర్లేదట. "ముద్ర తొలిచేసి, ఆ గుంటలో తొమియా ముద్ర చెక్కిన ముక్క బిగించు. మొహం ఎవరిదైతే ఏంటయ్యా, ఎవడు చూడొచ్చాడు!" అన్నాడు. నేను కాదంటే ఇంకొకడి చేత చేయిస్తాడు. వాడు మచ్చ కూడా గీకేస్తాడు. ఒప్పుకున్నాను.

తమ్ముడి ముద్రని నా చేత్తోనే తొలిచాను. మచ్చ జోలికి మాత్రం పోలేదు. ఈ లోకంలో వాడి ఆనవాలు అదొక్కటే.

పదకొండో నెల, ఒకటి

అమ్మ పట్టుబడితే నాటకానికి తీసుకెళ్ళాను. తొమియా వచ్చాడు. కుడి కంటి కింద మచ్చ! బొమ్మలో ఉన్న మచ్చ ఏదయ్యా అని జనం గోల పెడితే సిరాతో దిద్దుకుంటున్నాడని పక్కవాడు చెప్పాడు. నా ఒళ్ళు మండిపోయింది. పోదాం పద అని అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"ఉండరా, మన మినోసుకేని కళ్ళారా చూసుకోనీ" అంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

పదకొండో నెల, రెండు

తమ్ముడి మచ్చ ఏ కంటి కింద ఉండేదని అమ్మని అడిగాను. "కుడి కంటి కిందే కదరా, చెక్కింది నువ్వేగా" అంది.

కళ్ళు మూసుకుంటే నాకూ కుడివైపే కనిపిస్తోంది. ఈ పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. ఎడమ అని ఉంది. నా చేతిరాతే.