మా పేర్లు కలిపి చదవండి

రేడియోలో పాటలు వేసే అమ్మాయికి,

ఆదివారాలు పాత సినిమా పాటల కార్యక్రమం మళ్ళీ మొదలుపెట్టారని విన్నాను. హీరోయిన్ సొంత పెళ్ళి ఎగ్గొట్టి స్కూటరెక్కి పారిపోయే కామెడీ సినిమా ఒకటుంది. అందులో స్కూటర్ పాట వేయండి.

నా ఇరవయ్యో ఏట ఇదే పాటకి మా వీధి టైలరు పేరూ నా పేరూ మీ రేడియోలో కలిపి చదివారు. నాతో మాటమాత్రం చెప్పకుండా అతనే మీకు ఉత్తరం రాసి పడేశాడు. మా నాన్న రేడియోని అటక మీదికీ నన్ను అత్తారింటికీ పంపేశాడు. మా ఆయన చెడ్డవాడేం కాదు గానీ, పాట వినిపిస్తే తలనొప్పి అనేవాడు. ఆయన పోయాక మళ్ళీ ఈ వీధికే వచ్చాను. టైలరుకీ ఇప్పుడెవరూ లేరు.

"ఈ వయసులో పరువు పోతుందమ్మా" అంటోంది మా అమ్మాయి. పోతే పోనీ, ఇన్నాళ్ళూ దాచుకుని ఏం బావుకున్నాను?

పేర్లు కవరు వెనక రాశాను. నాది ముందు చదవండి. టైలరుకి ఈ సంగతి తెలీదు. అప్పుడు అతను నన్నడిగాడా?

అతని కొట్లో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. ఆదివారం కిటికీ తెరుచుకుని కూర్చుంటాను. మా పేర్లు విని అతని మిషను ఆగితే చెప్పులేసుకుని వెళ్తాను. ఆగకపోయినా వెళ్తాను.

మీ పాత శ్రోత