గీత లేని సీసా

రాజమండ్రి,
మే 14, 2003.

అక్కకు తమ్ముడు దుర్గాసాయి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఎప్పుడూ "మేమంతా క్షేమం" అని మొదలుపెట్టేవాణ్ణి, ఈసారి ఆ మాట రాయబుద్ధి కాలేదు. పాపాయికి జ్వరం తగ్గిందని తెలిసి నా మనసు కుదుటపడింది. ఎండలో తిరగనివ్వకు.

పోయిన ఉత్తరంలో నువ్వు రెండు సంగతులు అడిగావు. మొదటిదానికి జవాబు తేలిక. మన డెల్టాలో అడవే లేనప్పుడు మంటలార్పే హెలికాప్టరుతో మీ తమ్ముడికేం పని అని పక్కింటి సత్యకుమారి గారు నవ్వారన్నావు. ఆవిడకి చెప్పు, అడవి ఇక్కడ లేదు గానీ నీళ్ళు ఇక్కడున్నాయి. ఎండాకాలంలో రంపచోడవరం అవతల కొండలు అంటుకుంటాయి. హెలికాప్టరు కింద తీగకి పెద్ద బకెట్టు వేలాడుతుంది. దాన్ని గోదావరిలో ముంచి తీసుకెళ్ళి మంట మీద కుమ్మరిస్తారు. పైన పైలట్ ఒక్కడే కనిపిస్తాడు గానీ, కింద బావతో కలిపి మా పదిమంది పని ఉంటుంది. బకెట్టు తగిలించాలి, ఏట్లో పడవల్ని తప్పించాలి, డ్రమ్ముల్లోంచి ఇంజనుకి ఆయిల్ ఎక్కించాలి. ఇవన్నీ నేర్పేది చంద్రరావు గారు. ఎయిర్‌ఫోర్సులో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. మా అందరినీ 'అండి' అనే పిలుస్తారు, తిట్టినా అండి పెట్టే తిడతారు.

ఇక రెండోది. ఆదివారం మీ ఇంట్లో అన్నం సగంలో వదిలేసి ఎందుకు లేచిపోయానని అడిగావు. పులుసు కుదరలేదా, నేనేమైనా అన్నానా అని రాశావు. నీ పులుసుకేం లోటక్కా. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఇక్కడి సంగతి చెప్పాలి.

నువ్వు నన్ను చిన్నప్పట్నుంచీ అనుమానాల పుట్ట అంటావు. నిజమే, నీళ్ళలో వేసిన ఉప్పు కరిగిందా లేదా అని కూడా చూసుకునే రకాన్ని. ఆదివారానికి ముందు మా క్యాంపులో ఒక ఆయిల్ డ్రమ్ముకి బిరడా వదులుగా కనిపించింది. పుల్ల ముంచి చూస్తే డ్రమ్ము నిండుగానే ఉంది. పోయిందేమీ లేదు, కానీ ఎవరో విప్పారు. అందరూ ఆ మాట మర్చిపోయారు గానీ నేను మర్చిపోలేదు. ఆ పక్కనే పడుకునేవాడు విజయ్ పాల్. మీ పక్క పేటవాడే, లూథరన్ చర్చి వాళ్ళ కుటుంబం. తన పనేదో తను చేసుకుంటాడు, ఎవరితోనూ కబుర్లు పెట్టుకోడు. మాట్లాడనివాడి మీద అనుమానం తేలిగ్గా వాలుతుంది. వాడు నిద్రపోతే దొంగ నిద్ర అనుకున్నాను, ప్రార్థన చేసుకుంటే ఏ పాపానికో అనుకున్నాను.

తర్వాత సోమవారం నాడు ఇలా జరిగింది.

డ్రమ్ముకి పంపు పెట్టేముందు కాస్త ఆయిల్ గాజుసీసాలో పట్టి చూడాలి. నీళ్ళు కలిసుంటే అవి అడుక్కి దిగిపోయి, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. గీత ఉంటే ఆ డ్రమ్ము పక్కన పెట్టేయాలి. ఆ నీళ్ళు ఇంజనులోకి వెళితే గాల్లోనే ఆగిపోతుంది. ఆ రోజు మొదటిసారి ఆ వదులు బిరడా డ్రమ్ము తెరిచాం. సీసా నేనే పట్టాను. విజయ్ పాల్ ఎండకెత్తి చూసి, "గీత లేదురా, శుభ్రంగా ఉంది" అన్నాడు. నాకూ గీత కనపడలేదు. మామూలు రోజైతే పంపు పెట్టేసేవాణ్ణి. నా బుద్ధి తెలుసు కదా, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాను. ఉత్త గోదావరి నీళ్ళక్కా. సీసా మొత్తం నీళ్ళే అయితే గీత ఎక్కడ పడుతుంది?

ఆపమని కేక పెట్టాను. పైలట్ అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. శిక్షణలో ఉన్నవాళ్ళని వంతులవారీగా ఒక్కొక్కర్ని పైకి తీసుకెళుతున్నారు. ఆ రోజు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని, నవ్వుతూ మాకు చెయ్యూపుతున్నవాడు బావ.

చంద్రరావు గారు వచ్చి వాసన చూశారు. మనిషి మొహంలో నెత్తురు లేదు. "ఎవరండీ ఈ పని చేసింది?" అని ఒక్కసారే అడిగారు. అందరి కళ్ళూ విజయ్ పాల్ మీదికి పోయాయి. వాడి పెట్టె తెచ్చి బట్టలన్నీ ఇసకలో గుమ్మరించారు. వాడు ఒక్కొక్క చొక్కా దులిపి మళ్ళీ మడత పెట్టుకుంటుంటే నేను చూస్తూ నిలబడ్డాను. నాకు తెలుసక్కా. ఆదివారమే తెలుసు.

మీ వంటింట్లో నువ్వు స్టవ్వులోకి కిరసనాయిలు వంపుతున్నప్పుడు చూశాను. రేషన్ కిరసనాయిలు నీలంగా ఉంటుంది. అది తెల్లగా ఉంది, మా హెలికాప్టరుకి పోసే ఆయిల్ లాగా. "మీ బావ శనివారం శనివారం తెస్తున్నారురా, మసే పట్టట్లేదు" అని మురిసిపోయావు. నాకు ముద్ద దిగలేదు. క్యాంపు ఆయిల్ వాసన నా చేతులకి రోజూ ఉండేదే. అందుకే లేచిపోయాను. ఆ రోజే నోరు విప్పి ఉంటే బావ ఆ సీట్లో కూర్చునేవాడే కాదు.

సోమవారం మధ్యాహ్నం చంద్రరావు గారి దగ్గరికెళ్ళి బావ పేరు చెప్పాను. నన్ను ఈ పనిలో పెట్టించింది బావేనని ఆయనకి తెలుసు. "పోలీసుల దాకా వద్దండి, ఇంటికి పంపేద్దాం" అన్నారు. నా పేరు బయటపెట్టలేదు.

బస్టాండుకి బావ పెట్టె నేనే మోశాను. దారిలో తనే చెప్పాడు. "డ్రమ్ము అడుగున జానెడు ఎలాగూ వాడకూడదని సారే కదరా నేర్పింది. నీళ్ళు కిందకే పోతాయి కదా, ఆ జానెట్లోనే ఉంటాయనుకున్నాను. తీసిన ఆయిల్‌కి బదులు నీళ్ళు ఒక డబ్బా, రెండు డబ్బాలు అనుకుంటూ ఎన్ని పోశానో నాకే తెలీలేదు. తెలిస్తే నేనే ఎక్కి కూచుంటానా?" అన్నాడు. ఆ మాట మాత్రం నమ్మాను. బావ దొంగే గానీ హంతకుడు కాడు. నేర్పిన పాఠం సగమే ఎక్కింది.

బస్సెక్కుతూ నా భుజం పట్టుకున్నాడు. "ఆ విజయ్ పాల్ గాడు తను బయటపడ్డానికి నన్ను ఇరికించాడు. మా పేట పక్కనే కదా వాడిల్లు, ఎక్కడికి పోతాడు? వాడి కాళ్ళు విరగ్గొట్టకపోతే నా పేరు హరిబాబు కాదు. నువ్వొక్కడివే రా నాకున్నది" అన్నాడు. నేను తలూపాను. అంతకంటే నీచమైన పని నేనెప్పుడూ చేయలేదు.

నీకేం చెప్పి ఉంటాడో నాకు తెలియదు. శిక్షణ అయిపోయిందని చెప్పి ఉండొచ్చు. కోప్పడితే నామీద కోప్పడు, తమ్ముడే లేడనుకుంటే అదీ నీ ఇష్టం. నీ కాపురంలో నిప్పులు పోసింది నేనే. కానీ ఈ ఉత్తరం బావకి చదివి వినిపించు. చెప్పింది దుర్గాసాయి అని ఆయన చెవిన పడాలి.

విజయ్ పాల్ ఈ ఆదివారం చర్చికి ఊరొస్తున్నాడు. వద్దురా అంటే, "నేనేం తప్పు చేశానని రాకూడదు?" అన్నాడు. బావ బస్టాండు దగ్గర కాచుకుని ఉంటాడేమోనని నా అనుమానం. ఉంటే ఉండనీ. అదే బస్సులో నేనూ వస్తున్నాను, వాడికంటే ముందు నేను దిగుతాను.

ఇట్లు,
నీ చేతి అన్నం తిని పెరిగిన తమ్ముడు,
దుర్గాసాయి