బ్రేకు బాగానే ఉంది

స్టోనీ ఫోర్క్, నార్త్ కరోలినా
20 ఏప్రిల్ 1980

ప్రియమైన ఆల్టన్,

ఈ ఉత్తరం సముద్రం మీద మీ నౌకాదళం ఓడకు చేరేసరికి మూడు వారాలు పడుతుంది. అంటే నువ్వు కోప్పడేలోపే నేను చేయాల్సింది చేసేసి ఉంటాను. షెడ్డులో టార్పాలిన్ కింద మూడేళ్లుగా పడుకున్న నీ రేసు కారును బయటికి లాగాను. మా తమ్ముడు ఇంజను బాగుచేశాడు. నడిపేది మాత్రం వాడు కాదు, నేను.

ఏం చేయను చెప్పు? వారమంతా సాక్సుల మిల్లులో యంత్రాల హోరు. శనివారం వచ్చిందంటే ఇల్లంతా నిశ్శబ్దం. నీ చొక్కా ఒకటి ఉతక్కుండా దాచుకున్నాను. దానిలో నీ వాసన కూడా పోయింది. ఆ రోజే కారు తాళం తీశాను.

ఈ ఏడాది కొత్తవాళ్లం ఆరుగురం. అందరి వెనక బంపరుకూ పసుపుపచ్చ పట్టీ వేశారు, వెనకొచ్చేవాళ్లు చూసి జాగ్రత్తపడాలని. జాగ్రత్తా పాడా! ఆ పట్టీ చూడగానే వెనక నుంచి వచ్చి బంపరుతో పొడుస్తారు. మొదటి రేసులో నన్ను మూడుసార్లు గిరగిరా తిప్పేశారు. దిగాక ఒకడు, "వంటిల్లు అటు కాదు వెర్లీన్, ఇటు" అని చెయ్యి చూపించాడు. అందరూ నవ్వారు.

నవ్వనిది ఒక్కరే. రేబర్న్ టీగ్. అవును, ఆయనే. నీ బ్రేకు పట్టక నువ్వు గోడకు గుద్దేసిన పెద్దాయన. తుంటి విరిగినా రేసులు మానలేదు, ఇప్పటికీ ఒక పక్కకు ఒరిగి నడుస్తాడు. అయినా మనసులో ఏమీ పెట్టుకోలేదు. నా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, మలుపులోకి గాభరాగా దూకుతున్నావు. ముందు నెమ్మదించు, తర్వాత కారే నిన్ను బయటికి విసురుతుంది" అన్నాడు. ప్రతి గురువారం వచ్చి నేర్పుతానన్నాడు. ఎంత మంచివాడో!

నువ్వుంటే ఎంత బాగుండేది.

నీ
వెర్లీన్


హిందూ మహాసముద్రం
16 మే 1980

నా వెర్లీన్‌కు,

కోపం రాలేదు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, పక్క మంచం వాడికి కూడా వినిపించాను. "మీ ఆవిడ నీకంటే మగాడురా" అన్నాడు.

ఇక్కడ నూరు రోజులైంది నేల చూసి. ఎటు చూసినా నీళ్లే. కళ్లు మూసుకుంటే మన ఇంటి వెనక కొండ, మొక్కజొన్న రొట్టె వాసన, నువ్వు జుట్టు ఆరబెట్టుకుంటూ మెట్ల మీద కూర్చోవడం. తెరిస్తే మళ్లీ నీళ్లు.

హెల్మెట్ పట్టీ సరిచూసుకో. ఎడమ ముందు చక్రం తొందరగా అరుగుతుంది, ప్రతి వారం చూడు. ఇంకో మాట. టీగ్ దగ్గర మరీ అంతగా నేర్చుకోవాల్సిన పని లేదు. ఆయనకు వయసైపోయింది. ఆయన్ని ఇబ్బంది పెట్టకు.

నిన్ను తలుచుకోని పూట లేదు.

నీ
ఆల్టన్


స్టోనీ ఫోర్క్
15 జూన్ 1980

ప్రియమైన ఆల్టన్,

గెలిచాను! నిన్న, యాభై చుట్ల రేసు. గళ్ల జెండా నా కోసమే ఊపారు. కప్పు మోచేయంత ఎత్తుంది.

నన్ను పొడుస్తుంటే ఎన్నాళ్లు ఊరుకుంటాను? నెల రోజుల కిందట నేనూ పొడవడం మొదలుపెట్టాను. ఇప్పుడు అద్దంలో నన్ను చూడగానే తప్పుకుంటున్నారు. "దారివ్వడం వేరు అమ్మాయ్, జడిసి పక్కకు పోవడం వేరు" అని టీగ్ గారు సణుగుతూనే ఉన్నాడు. ఆయన కాలం వేరు. నిన్న ఆఖరి చుట్టులో కాస్త తగులుకున్నాం. రేసన్నాక తగలకుండా ఎలా ఉంటుంది?

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. మిల్లుకు టైమవుతోంది.

వెర్లీన్


హిందూ మహాసముద్రం
20 జులై 1980

నా వెర్లీన్‌కు,

నీ ఉత్తరమూ, మా అమ్మ ఉత్తరమూ ఒకే సంచీలో వచ్చాయి. అమ్మ పత్రిక ముక్క కత్తిరించి పంపింది. అందులో నీ ఫొటో ఉంది, చేతిలో కప్పు. దాని కింద చిన్న అక్షరాల్లో టీగ్ ఆసుపత్రిలో ఉన్నాడని, కుడిచెయ్యి రెండు చోట్ల విరిగిందని, నువ్వు బహుమతి తీసుకుంటుంటే జనం గోల చేశారని ఉంది. నువ్వు ఇవేవీ రాయలేదు.

నిన్ను మందలిద్దామనే కాగితం తీశాను. రెండు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను. మందలించే ముఖం నాకు లేదు.

మూడేళ్ల కిందట నా బ్రేకు పట్టలేదని అందరికీ చెప్పాను. నీకూ చెప్పాను. వెర్లీన్, బ్రేకు బాగానే ఉంది. అదే నా మొదటి ఏడాది. ఆఖరి చుట్టు, ముందు టీగ్. గెలవాలన్న పిచ్చిలో ఆయన కారు వెనక ఎడమ మూలను కావాలనే గుద్దాను. గోడకు కొట్టుకున్న ఆ చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

ఆయన్ని చూడ్డానికి వెళ్లలేదు. ఈరోజు, రేపు అనుకుంటూ ఉండిపోయాను. తర్వాత ఆ ఊళ్లో ఆయనకు ఎదురుపడటమే కష్టమైపోయింది. మిల్లులో షిఫ్టులు తగ్గించారని, అందుకే నౌకాదళంలో చేరుతున్నానని నీతో అన్నాను. షిఫ్టులు తగ్గింది నిజమే. కానీ అది కాదు కారణం. ఆ మనిషి కుంటుతూ నడవడం చూడలేక పారిపోయాను. నిన్ను కూడా వదిలేసి.

నీ
ఆల్టన్


హిందూ మహాసముద్రం
12 సెప్టెంబర్ 1980

వెర్లీన్,

ఆరుసార్లు టపా వచ్చింది. ఆరుసార్లూ నా పేరు పిలుస్తారని నిలబడ్డాను. నాలుగు ముక్కలు తిట్టి రాసినా చాలు. ఖాళీ కాగితం మడిచి పంపినా చాలు.

ఆల్టన్


స్టోనీ ఫోర్క్
6 అక్టోబర్ 1980

ఆల్టన్,

"ప్రియమైన" అని రాయబోయి ఆగాను. ఆ మాట ఈ ఉత్తరం చివరికి వస్తుందేమో చూద్దాం.

నీ ఉత్తరం చదివిన రోజు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. తుంటి విరగ్గొట్టినందుకు కాదు. రెండేళ్లుగా నేను ఒంటరిగా తిన్న ప్రతి ముద్దకూ మిల్లును తిట్టుకున్నాను. వాళ్లకు తగిలిన తిట్లన్నీ నీవట! నువ్వు చెప్పింది నిజమో కాదో ఆయన్నే అడుగుదామని ఊగిపోతూ టీగ్ గారింటికి బయల్దేరాను. గుమ్మం ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది, రేసు అయ్యి ఎనిమిది వారాలైనా నేను కూడా ఆయన్ని చూడ్డానికి రాలేదని.

ఆయన వరండాలో కూర్చుని ఎడమచేత్తో బీన్స్ ఒలుస్తున్నాడు. కుడిచేతికి కట్టు. యూలా గారు, ఆయన భార్య, నన్ను చూసి కుర్చీ కూడా వేయలేదు.

"ఏం అమ్మాయ్, కప్పు ఎక్కడ పెట్టుకున్నావ్?" అన్నాడాయన.

"బీరువా మీదండీ. దాని వైపు చూడబుద్ధి కావట్లేదు. కావాలనే కొట్టాను టీగ్ గారూ. తగులుకోలేదు. కొట్టాను."

"తెలుసు."

"ఆల్టన్ కూడా రాశాడు. ఆ రోజు బ్రేకు..."

"అదీ తెలుసు. గుద్దే ముందు అద్దంలో వాడి ముఖం కనిపించింది. బ్రేకు పట్టనివాడి ముఖం అలా ఉండదు."

"అన్నీ తెలిసి నాకెందుకు నేర్పారు?"

యూలా గారు లోపలి నుంచి అందుకుంది. "నేనూ అదే అడిగాను తల్లీ! మొగుడు తుంటి విరిచాడు, పెళ్లానికి చెయ్యి కూడా ఇచ్చొచ్చాడు ఈ మహానుభావుడు."

ఆయన నవ్వలేదు. చేతిలో ఉన్న బీన్స్ పళ్లెంలో పడేసి రోడ్డు వైపు తిరిగాడు.

"కొట్టినందుకు కాదమ్మా నా బాధ. కుర్రతనంలో నేనూ కొట్టాను. ఆరు వారాలు ఆ గదిలో మంచం మీద పడుకుని తలుపు వైపే చూశాను, వాడొస్తాడని. నాకు కొడుకులు లేరు. వాడి చేతిలో పనితనం ఉంది, వాణ్ని తయారుచేద్దామనుకున్నాను. వచ్చి నాలుగు తిట్లు తినిపోతే సరిపోయేది. రాలేదు. ఈ ఏడాది వాడి కారు ట్రాక్ మీదికి రాగానే వాడే వచ్చాడనుకుని పరిగెత్తినంత పని చేశాను, ఈ కాలుతో. హెల్మెట్ తీస్తే నువ్వు."

నాకు ఏడుపాగలేదు. అప్పుడు యూలా గారు కుర్చీ తెచ్చి వేసి, ఒలవమని సగం బీన్స్ నా ఒళ్లో పోసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాను. ఆయన చెయ్యలేని పనులు చేశాను. నీకు రాయలేదు. రాస్తే తిట్లే వచ్చేవి, తిట్టాలనీ ఉండేది, నువ్వు కావాలనీ ఉండేది. రెండూ ఒకే కాగితం మీద పట్టలేదు.

మొన్న శనివారం ఈ ఏటికి ఆఖరి రేసు. డాక్టరు వద్దన్నా ఆయన దిగాడు. చివరి ఐదు చుట్లూ ముందు ఆయన, వెనక నేను. ఆయన కారు ఎడమ మూల నా బంపరుకు జానెడు దూరం. ముట్టుకుంటే చాలు, గెలుపు నాది. గొప్పదాన్నైపోయి ఊరుకున్నాననుకోకు. నా కాలు ఎంత తహతహలాడిందో నాకే తెలుసు. బయటి వైపు నుంచి దాటబోయాను. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. పక్కపక్కనే నాలుగో మలుపు తిరిగాం, తలుపుకు తలుపు, ఒకరి రంగు ఒకరికి అంటకుండా. అరకారు దూరంలో ఓడిపోయాను. దాంతో ఈ ఏటి కొత్తవాళ్లలో మేటికిచ్చే బహుమతి కూడా పోయింది, డార్విన్ ప్రూయిట్ అనేవాడు ఎగరేసుకుపోయాడు. నిన్నంతా ఏడ్చాను, ఇప్పటికీ కడుపు మండుతోంది.

కానీ దిగాక టీగ్ గారు కుంటుకుంటూ నా దగ్గరికొచ్చాడు. చెమటతో తడిసిపోయి, పదేళ్ల పిల్లాడిలా వెలిగిపోతూ, "అలాంటి ఐదు చుట్లు నా జన్మలో తిరగలేదు అమ్మాయ్" అన్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఓడ ఎప్పుడొస్తుందట?" అని అడిగాడు. నీ పేరెత్తలేదు.

క్రిస్మస్‌కు ముందు మీ ఓడ నార్ఫోక్ రేవుకు చేరుతుందని మిల్లులో అంటున్నారు. నేనొస్తాను. ఆ జనంలో నిన్ను ముందు కౌగిలించుకుంటానో చెంప మీద కొడతానో ఇప్పుడే చెప్పలేను. అక్కణ్నుంచి ఏడు గంటల దారి, నేనే నడుపుతాను. మనింటికి కాదు, ముందు వాళ్లింటికి. తలుపు నువ్వే తట్టాలి. నేను లోపలికి రాను, కారులోనే కూర్చుంటాను. ఎంతసేపైనా పట్టనీ. ఎదురుచూడటం నాకిప్పుడు బాగా వచ్చు.

తొందరగా రా, ప్రియమైన ఆల్టన్.

నీ
వెర్లీన్